సిమెంటు పనిలో చేతులు పగిలి దురద పెడుతుంటే వెల్డింగ్‌కు మారడం మంచిదేనా?

హన్మకొండలో టైల్స్ పని చేసే మీ తమ్ముడికి వేళ్ల సందుల్లో, మణికట్టు చుట్టూ పొక్కులు లేచి రసి కారుతోందని రాశారు. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందని, ఈ పని మాన్పించి వెల్డింగ్ నేర్పిస్తే ఎలా ఉంటుందని అడిగారు. నేను కాజీపేటలో తాపీ మేస్త్రీని. ఇదే బాధ నాకూ ఉంది, జాగ్రత్తలు తీసుకుంటూ పని నెట్టుకొస్తున్నాను. డాక్టరును కాను కాబట్టి నేను పడ్డదీ, డాక్టరు నాకు చెప్పిందీ మాత్రమే రాస్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను: వెల్డింగ్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి.

సిమెంటు పడకపోవడం అంటే చాలామంది దుమ్ము పడకపోవడం అనుకుంటారు. నా విషయంలో తేలింది వేరు. సిమెంటులో చాలా కొద్దిగా క్రోమియం అనే లోహం ఉంటుంది. సున్నపురాయి, మట్టి వంటి ముడిపదార్థాలతోనే అది వస్తుంది. బట్టీలో దాదాపు 1450 డిగ్రీల వేడికి అందులో కొంత నీళ్లలో తేలిగ్గా కరిగే రూపంలోకి మారుతుంది. మాలు కలిపినప్పుడు ఆ కరిగినదే చర్మంలోకి దిగుతుంది. తడి సిమెంటు గాఢమైన క్షారం కాబట్టి పైచర్మాన్ని ముందే కొరికేసి దానికి దారి చేసిపెడుతుంది. డెన్మార్క్‌లో 1981 నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం కలిపి ఈ క్రోమియాన్ని చర్మంలోకి అంతగా దిగని రూపంలోకి మారుస్తున్నారు, ఆ తర్వాత అక్కడి కూలీల్లో ఈ జబ్బు బాగా తగ్గింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005లో పది లక్షల పాళ్ల సిమెంటుకు ఈ కరిగే క్రోమియం 2 పాళ్లు మించకూడదని హద్దు పెట్టుకున్నాయి. ఇన్నేళ్లుగా బస్తాలు విప్పుతున్నాను, మన బస్తా మీద దీని గురించి ఒక్క ముక్క కూడా నా కంట పడలేదు.

అయితే సిమెంటుతో చేతులు పాడైన ప్రతి ఒక్కరికీ అలర్జీ ఉన్నట్టు కాదు. క్షారం ఎవరి చర్మాన్నయినా కాలుస్తుంది. అది సిమెంటు తగిలిన మేరకే మంట పెడుతుంది, నాలుగు రోజులు పని లేకపోతే మానుతుంది. అలర్జీ నడక వేరు. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక కాస్త తగిలినా చాలు, వెంటనే కాకుండా ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు దురద మొదలవుతుంది. అందుకే ఏ పని వల్ల వచ్చిందో మనకు తట్టదు. సోమవారం టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపితే బుధవారం చేతులు ఉబ్బుతాయి, ఆ రోజు మనం చేసింది వట్టి కొలతల పని అయి ఉంటుంది. పైగా అది తగిలిన చోటే ఆగదు, ముంజేతుల దాకా పాకుతుంది. రెండూ కలిసి ఉండడం కూడా మామూలే.

నా చేతులు చూసి కాంట్రాక్టరు పాపం మంచి మనసుతోనే దళసరి తోలు గ్లౌజులు తెచ్చిచ్చాడు. అవి వేసుకున్నాక అరచేతులు కాస్త కుదుటపడ్డాయి గానీ, మణికట్టు దగ్గర గ్లౌజు అంచు ఒరుసుకునే చోట గాజు తొడిగినట్టు గుండ్రంగా ఎర్రటి పట్టీ తేలింది. తోళ్లను ఎక్కువగా క్రోమియం లవణాలతోనే పదును చేస్తారట, చెమటకు ఆ లవణాలు ఊరి బయటికి వస్తాయట. ఆ సంగతి పరీక్ష అయ్యాక తెలిసింది.

ఆ పరీక్షను ప్యాచ్ టెస్ట్ అంటారు. సూదులేవీ ఉండవు. వీపు పైభాగంలో చిన్న చిన్న గిన్నెల్లాంటివి ఉన్న పట్టీలు అంటిస్తారు, ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం ఉంటుంది. నికెల్, కోబాల్ట్, రబ్బరులో కలిపే రసాయనాలు ఇలా వరుసగా ఉంటాయి, క్రోమియం కోసం పొటాషియం డైక్రోమేట్ పెడతారు. 48 గంటలు ఉంచి తీసేసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అన్నాళ్లూ వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. మన ఎండాకాలంలో అది అయ్యే పని కాదు, చలికాలంలో వెళ్లడం నయం. పట్టీ తీసినప్పుడు నా వీపు మీద డైక్రోమేట్ ఉన్న చోట ఎర్రగా ఉబ్బి సన్నటి నీటిపొక్కులు లేచాయి. చుట్టూ పెన్నుతో గీసిన గడులన్నీ మామూలుగానే ఉన్నాయి. నా భార్య ఫోనులో ఫొటో తీసి చూపిస్తే గానీ నాకు నమ్మకం కుదరలేదు.

మీరు ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీలో చూపించండి, ప్యాచ్ టెస్ట్ ఎక్కడ చేస్తారో వాళ్లనే అడగండి. రబ్బరు గ్లౌజుల్లోని రసాయనం పడనివాళ్లూ ఉంటారు కాబట్టి, ఏది పడడం లేదో తేలకుండా గ్లౌజులు మార్చినా పని మార్చినా గుడ్డిగా మార్చినట్టే.

ఇక వెల్డింగ్. మీ తమ్ముడికీ క్రోమియమే అని తేలితే ఆ మార్పు పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. స్టెయిన్‌లెస్ స్టీలు అతికేటప్పుడు లేచే పొగలో ఉండేది సిమెంటులో చెప్పిన ఈ కరిగే రకం క్రోమియమే. అది ఊపిరితిత్తులకు కూడా చేటు. వెల్డర్లు వేసుకునే గ్లౌజులూ ఏప్రానూ మళ్లీ తోలువే. పెయింటింగ్‌కు వెళ్లాలన్నా ఇనుముకు పూసే పసుపు రంగు జింక్ క్రోమేట్ ప్రైమరుకు దూరంగా ఉండాలి. నల్లాల మీద మెరిసే క్రోమ్ పూతకు, ఇంట్లో స్టీలు గిన్నెలకు మాత్రం భయపడనక్కర్లేదు, ఘన లోహంగా ఉన్న క్రోమియం ఈ తంటా తేదని నాకు చెప్పారు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. క్రోమియం అలర్జీ మొండిది, పని మానేసినా కొందరికి ఏళ్ల తరబడి వదలదు. కాబట్టి పని మారిస్తే అంతా పోతుందని ఇంట్లో ఆశ పెట్టుకోవద్దు.

నేను మాలు కలపడం, ప్లాస్టరింగ్ మానుకుని కొలతలు, లెవెల్ చూసే పని ఎక్కువగా తీసుకుంటున్నాను. తప్పనప్పుడు మోచేతి దాకా వచ్చే నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లౌజులు, లోపల నూలువి వేసుకుంటాను. టైల్ అంచుకు గ్లౌజు చిరిగి మాలు లోపలికి పోతే వెంటనే విప్పేయాలి, తడి గ్లౌజు సాయంత్రం దాకా ఉంచుకోవడం కన్నా వట్టి చేతులే నయం. సైటులో అందరం చేతులు ముంచేది తాపీలు, గమేళాలు కడిగిన డ్రమ్ములోనే. ఆ నీళ్లు కూడా సిమెంటు నీళ్లే. విడిగా ఒక క్యాను మంచినీళ్లు, మామూలు ఒంటిసబ్బు పెట్టుకోమనండి. బట్టల సబ్బు, కిరోసిన్ వద్దు. రాత్రి పడుకునే ముందు వాజలైన్ దట్టంగా రాసుకుంటే పగుళ్లు మెత్తబడతాయి.

దుకాణం క్రీము పేరు మీరు రాయలేదు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన గొట్టమైతే ఆపేసి, దాన్నే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ వాడకూడదని కాదు, నాకూ రాశారు. ఎంత గాఢతది, ఎన్నాళ్లు అన్నది చూసినవాళ్లు చెప్పాలి. ఇష్టం వచ్చినట్టు రాస్తే చర్మం పలచబడుతుంది, అలాంటి కొన్ని క్రీముల్లో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరికి అసలే పడదు.

మీ తమ్ముడి పాదాల పైభాగంలో కూడా మచ్చలున్నాయా? సైటులో వేసుకునేవి తోలు చెప్పులా, బూట్లా, రబ్బరువా? అది కూడా ఇక్కడ రాయండి.