గోదావరి గట్టున రాజమండ్రి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాజమండ్రి గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

అమ్మకు డెబ్బై దాటాయి. పొద్దున్నే రైలు దిగి, రాత్రి బండికి తిరిగి ఎక్కాలి. గోదావరి స్టేషన్‌లో దిగాలా, రాజమండ్రిలోనా? ఒక్క రోజులో ఏవేవి చూడగలం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

మీ వైపు నుంచి వచ్చే బండి కొవ్వూరు దాటి, వంతెన దిగగానే గోదావరి స్టేషన్ వస్తుంది. రేవులకు దగ్గరే గానీ, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు. టికెట్ రాజమండ్రికే తీసుకోండి. అక్కడి నుంచి రేవుకు ఆటోలో వెళ్లిపోవచ్చు.

ఒక్క రోజే చేతిలో ఉన్నప్పుడు ఎన్ని చూశామన్నదాని కంటే ఏది ఏ వేళకు చూశామన్నదే ముఖ్యం. చాలామంది దిగగానే రేవుకు పోతారు, మధ్యాహ్నం ధవళేశ్వరం పెట్టుకుంటారు. బ్యారేజి మీద నీడ ఉండదు. ఎండకు డస్సిపోయి సాయంత్రం హారతి చూడకుండానే స్టేషన్‌కు చేరతారు. మీరు ఈ వరస తిరగెయ్యండి. ఫలహారం కాగానే ధవళేశ్వరం వెళ్లి, పదిన్నర లోపు బ్యారేజి, కాటన్ మ్యూజియం ముగించండి. ఎండ వేళకు ఊళ్లోకి వచ్చి, నీడపట్టున చూసే మ్యూజియం, చిత్రశాల చూడండి. భోజనం చేసి అమ్మగారిని కాసేపు పడుకోనివ్వండి. నాలుగున్నరకు గోదావరి గట్టుకు చేరితే సరిపోతుంది.

సాయంత్రమే ఎందుకంటే, రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది. సూర్యుడు అవతల కొవ్వూరు వైపు, నీళ్ల మీదుగా దిగుతాడు. వంతెనల అందమంతా ఆ గంటలోనే. పుష్కర రేవులో రోజూ సాయంత్రం హారతి ఇస్తారు. వేళ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి పొద్దుగూకే ముందే వెళ్లి, పై మెట్ల మీద చోటు చూసుకోండి. కింది మెట్లు పాచి పట్టి జారతాయి, పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టకండి.

గోదావరి మీద ఇన్ని వంతెనలున్నాయి, ఏది ఏదో తెలియడం లేదు. పాత వంతెన మీద నడవనిస్తారా?
— ఒక విద్యార్థి, కర్నూలు

రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లతో ఉన్నది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై, 1900లో రైళ్లు నడిచాయి. మొత్తం 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. పని నడిపించిన ఇంజినీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టినవాడు. దాదాపు వందేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది.

పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974లో వాడకంలోకి వచ్చిన రోడ్డు–రైలు వంతెన. రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. వరసగా తెల్లటి విల్లులు నిలబెట్టినట్టు కనిపించేది ఆర్చి వంతెన. ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్ల చొప్పున 28 ఖానాలు. ఊరి బొమ్మగా క్యాలెండర్ల మీద చూసేది దీన్నే. ఆ ఆర్చి కేవలం అలంకారం కాదు. పట్టాలున్న దిమ్మె పైనున్న కాంక్రీటు విల్లుకు వేలాడుతూ ఉంటుంది. విల్లు కాళ్లు విడిపోకుండా ఆ దిమ్మే అల్లెతాడులా లాగి పట్టుకుంటుంది. అందువల్ల స్తంభాల మీద పక్కకు తోసే బరువు పడదు. ఇసుక పొరల మీద స్తంభాలు దింపాల్సిన నదిలో అది చాలా పెద్ద మేలు. నాలుగోది 2015 పుష్కరాల నాటికి తెరిచిన రోడ్డు వంతెన. జాతీయ రహదారి బండ్లకు ఉపయోగమే గానీ, చూడటానికి ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

రైల్లోంచి చూసేటప్పుడు ఒక తేడా గమనించండి. కిటికీ ముందు అడ్డదిడ్డంగా ఇనుప దూలాలు పరుగెడుతుంటే మీరు రోడ్డు–రైలు వంతెన మీదున్నారు. సన్నటి నిలువు కమ్మీల సందుల్లోంచి నది బారుగా కనిపిస్తే ఆర్చి వంతెన. ఫొటోలకు రెండోదే నయం.

హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా మార్చే మాట ఏళ్లుగా నానింది. 2025లో అఖండ గోదావరి పథకం కింద శంకుస్థాపన జరిగింది. పని పూర్తయి అధికారికంగా తెరిచేదాకా ఎవరో ఎక్కారని మీరూ ఎక్కకండి. రైలు కోసమే కట్టిన వంతెన అది, మనిషి నడకకు తగ్గ పక్క కమ్మీలు ఉండవు. గట్టు మీద నిలబడి చూస్తేనే ఆ రాతి పని బాగా తెలుస్తుంది. ఉదయం ఎండ మీ వీపు వైపు నుంచి వంతెన మీద పడుతుంది కాబట్టి, రాళ్ల అతుకులు తీయాలనుకుంటే పొద్దున్నే రండి.

ధవళేశ్వరం వెళ్తే కాటన్ దొర కట్టిన ఆనకట్ట కనిపిస్తుందా? వరదలప్పుడు టీవీలో చెప్పే మొదటి ప్రమాద హెచ్చరిక అంటే ఏమిటి? ఆగస్టులో ప్రయాణం పెట్టుకున్నాం.
— ఒక పాఠకుడు, బెంగళూరు

కాటన్ కట్టించింది 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది తలుపులతో నీటిని ఆపే డ్యాం కాదు. నదికి అడ్డంగా తక్కువ ఎత్తు గోడ. మామూలు రోజుల్లో నీటి మట్టాన్ని కాలువల్లోకి పారేంత పైకి లేపుతుంది, వరదను తల మీదుగా పోనిస్తుంది. ఇప్పుడు మీరు చూసేది దాని స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి కట్టిన తలుపుల బ్యారేజి. నది మధ్య లంకలుండటంతో పాతదీ కొత్తదీ నాలుగు ముక్కలే: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ధవళేశ్వరం భాగానికే 70 తలుపులు, మొత్తం 175. లంకలను ఆసరా చేసుకోవడంలోనే కాటన్ తెలివి ఉంది. నీళ్లలో కట్టాల్సిన గోడ పొడవు అంతమేరకు తగ్గింది.

బ్యారేజి మీదుగా బొబ్బర్లంక వైపు వెళ్తే రెండు పక్కలా చూపు సారించండి. ఎగువన నిండు గోదావరి, దిగువన వేసవిలో ఇసుక తిన్నెలు. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాది బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాది విజ్జేశ్వరం దగ్గర మొదలవుతాయి. దాదాపు పది లక్షల ఎకరాలు ఈ మూడు నోళ్ల నుంచే తాగుతాయి. ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ (కాలువలోకి నీరు వదిలే తలుపులు) దగ్గర పావుగంట నిలబడకుండా వెనక్కి రావద్దు. నది అక్కడ కాలువగా మారడం కళ్లముందే కనిపిస్తుంది. కాటన్ మ్యూజియంలో ముందు ఆనకట్ట నమూనాలు చూసి, తర్వాత బ్యారేజి మీదికి వెళ్తే ఏది ఎక్కడో సులువుగా తెలుస్తుంది.

ఇక హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది. సముద్రంలోకి పోయే నీరు అప్పుడు సుమారు పది లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులకు, మూడోది 17.75 అడుగులకు. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ దాటిన నీరు 35 లక్షల క్యూసెక్కులు. మీది ఆగస్టు కాబట్టి భద్రాచలం మట్టం చూస్తూ ఉండండి. అక్కడ 43 అడుగులు దాటి ఇంకా పెరుగుతోందంటే, ఆ వరద సుమారు ఒక రోజులో ధవళేశ్వరం చేరుతుంది. అప్పుడు పడవలు ఆపేస్తారు, రేవుల్లో స్నానాలు కట్టడి చేస్తారు, లంకల కాజ్‌వేలు మునుగుతాయి. ఎర్రటి వరద గోదావరిని గట్టు మీద నుంచి చూడటం గొప్ప అనుభవమే. అయితే స్నానం, పడవ మాత్రం ఆ ప్రయాణంలో లెక్క వేసుకోకండి.

నాన్నగారి అస్థికలు వేసవిలో కలపాలి. గోదావరిలో అప్పుడు నీళ్లుంటాయా? ఏ రేవు మంచిది?
— ఒక పాఠకుడు, అనంతపురం

ఉంటాయి. బ్యారేజి తలుపులు దించి ఉంచుతారు కాబట్టి, దాని వెనక నిలిచే నీరు ఊరి రేవుల దాకా ఉంటుంది. కాకపోతే అది పారే నీరు కాదు, దాదాపు నిలవ నీరు. రేవు అంచున పూలు, ఆకులు, ఊరి మురుగు తేలుతూ ఉంటాయి. తెల్లవారుజామున, జనం దిగకముందు వెళ్తే నయం.

కోటిలింగాల రేవు చాలా పొడవు. కర్మకాండలకు చోటు, ప్రశాంతత అక్కడ దొరుకుతాయి. పుష్కర రేవు ఊరి నడిమధ్యలో ఉంటుంది, మార్కండేయ స్వామి గుడి దగ్గర, అందుకే రద్దీ ఎక్కువ. పురోహితుడితో క్రతువు ఏమిటో, సామగ్రి ఎవరు తెస్తారో, సంభావన ఎంతో మెట్లు దిగకముందే మాట్లాడుకోండి. గొడవలన్నీ మాట అనుకోకుండా మొదలుపెట్టడం వల్లే వస్తాయి. స్నానానికి గొలుసులు, కమ్మీలు దాటకండి. మెట్లు అయిపోయిన చోట లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. కుండ, గుడ్డ, ప్లాస్టిక్ సంచి నీళ్లలో వదలకండి.

రాజరాజ నరేంద్రుడి కోట, చిత్రాంగి మేడ చూడాలని పిల్లలు అడుగుతున్నారు.
— ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి: గోల్కొండలాంటి కోట ఇక్కడ లేదు. కోటగుమ్మం అన్న పేరు మిగిలింది, సారంగధర మెట్ట మిగిలింది. చిత్రాంగి, సారంగధరుల కథ కావ్యాల్లో, నాటకాల్లో పెరిగిన కథ. దాన్ని రాజరాజు చరిత్రగా చరిత్రకారులు ఒప్పుకోరు. నిజంగా చెప్పాల్సింది 11వ శతాబ్దంలో ఆయన నన్నయ చేత భారతాన్ని తెనిగింపజేయడం. నన్నయ ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత రాశాడు. నది చూపిస్తూ ఆదిపర్వంలోని నాలుగు పద్యాలు చదివించండి.

వస్తువులు చూడాలంటే గట్టుకు దగ్గర్లోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, శిల్పాలు, నాణేలతో. దామెర్ల రామారావు చిత్రశాల మాత్రం తప్పనిసరి. 1897లో ఇక్కడే పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయిన చిత్రకారుడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే ఆయన చెయ్యి గుర్తించి బొంబాయి పంపించారు. అక్కడ ‘పుష్పాలంకరణ’ ముందు ఆగండి. దగ్గరికి వెళ్లి స్త్రీల వేళ్లు, జడల గీతలు చూపించి, నాలుగడుగులు వెనక్కి జరిగి మళ్లీ చూడమనండి. ప్రభుత్వ మ్యూజియాలకు వారపు సెలవుంటుంది. పిల్లల బస్సు మాట్లాడుకోకముందే ఫోన్ చేసి కనుక్కోండి. సమయముంటే కందుకూరి వీరేశలింగం ఇల్లు, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు కూడా చూపించండి. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే.

పాపికొండల పడవ రాజమండ్రి రేవులోనే ఎక్కవచ్చా? ఏ నెల మేలు?
— ఒక పాఠకుడు, నెల్లూరు

రాజమండ్రి నుంచి తిన్నగా పోలేరు. పోలవరం ప్రాజెక్టు పని కోసం నదికి అడ్డంగా కట్టిన కాఫర్ డ్యాం (తాత్కాలిక అడ్డుకట్ట) దారి మూసింది. అందుకే పడవలు దానికి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరుతాయి. టికెట్ కొనేటప్పుడు రాజమండ్రి నుంచి అక్కడికి బస్సు, భోజనం కలిసున్నాయో లేదో అడగండి. పొద్దున్నే బయల్దేరితే వచ్చేసరికి రాత్రవుతుంది, అదే రోజు రైలు పెట్టుకోకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కొండల సందున మంచు పట్టే రోజుల్లో ఉదయం ఫొటోలు మసకగా వస్తాయి, తిరుగు ప్రయాణంలో తీసుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తర్వాత తనిఖీలు పెరిగాయి. అయినా లైఫ్ జాకెట్ కట్టుకుని, నడుము పట్టీ బిగించే దాకా మీ పిల్లలను మీరే చూసుకోవాలి. వదులుగా వేసిన జాకెట్ నీళ్లలో మెడ మీదికి లేచిపోతుంది. ఫొటో కోసం అందరూ ఒక పక్కకే చేరడం పడవకు చేటు.

రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీల్లో కొన్న మొక్కలు ఇంటికొచ్చాక చచ్చిపోతున్నాయి.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

నిండా పూసిన మొక్క కాకుండా మొగ్గ దశలో ఉన్నది, వేరు ముద్ద పగలనిది ఎంచుకోండి. ప్రయాణంలో ముద్ద తడి ఆరకూడదు, అలాగని నీళ్లలో నానకూడదు. ఇంటికి రాగానే కుండీలోకి మార్చకుండా నాలుగైదు రోజులు నీడలో ఉంచి, తర్వాత ఒక సాయంత్రం, మట్టి ముద్ద విడగొట్టకుండా నాటండి.