‘బొక్క పెరిగింది’ అన్నారు... కోయించుకోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: మోకాలు అరిగింది, బొక్క పెరిగింది. అందుకే ఈసారి శీర్షికంతా కీళ్ల అరుగుదలకే కేటాయించాం.

ప్రశ్న: నాకు 56 ఏండ్లు. నాట్లు వేస్త, కలుపు తీస్త, పత్తి ఏరుత. రెండేండ్ల నుంచి కుడి మోకాలు గుంజుతున్నది. ఎక్స్‌రే తీసి ‘గుజ్జు అరిగింది, పక్కలకు బొక్క ముల్లు లెక్క పెరిగింది’ అన్నరు. కాల్షియం ఎక్కువైతే అట్ల పెరుగుతదని పక్కింటోళ్లు చెప్తే పాలు, పెరుగు బంద్ చేసిన. ఆ ముల్లు కోసేస్తే నొప్పి పోతదా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట మండలం

జవాబు: ముందు పాలు, పెరుగు మళ్లీ మొదలుపెట్టండి. తిండిలో కాల్షియానికీ ఆ ముల్లుకీ సంబంధం లేదు. ముట్లు ఆగిన వయసులో రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో దొరికేది 250 దాకానే. అది మానేస్తే ముల్లు కరగదు, తుంటి ఎముక బలహీనపడుతుంది.

ముల్లు ఎందుకు వస్తుందంటే, మోకాలిలో ఎముకల కొసలను కప్పుతూ కొన్ని మిల్లీమీటర్ల మందాన నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. జనం గుజ్జు అనేది దాన్నే. దానికి రక్తనాళాలు లేవు, అందుకే అరిగితే తిరిగి రాదు. నరాలు కూడా లేవు, కాబట్టి అది అరుగుతున్నంతసేపూ మనకు తెలియదు. పొర పలచబడ్డాక బరువు ఒకవైపే, ఎక్కువగా లోపలి వైపే, పడుతుంది. అప్పుడు కీలు అంచున ఉన్న కణాలు మేల్కొని మొదట మెత్తటి మొలక వేస్తాయి, తర్వాత అది ఎముకగా గట్టిపడుతుంది. పందిరి గుంజ వదులైతే మొదట్లో రాళ్లు కూరి మట్టి ఎగదోస్తాం కదా, శరీరం చేసేదీ అదే. ఆ మట్టి తీసేస్తే గుంజ గట్టిపడదు.

నొప్పి పుట్టేది ఎక్కువగా పొర కింది ఎముక నుంచి, కీలు లోపలి వాపు నుంచి, సడలిన కండరాల వల్ల. అందుకే ఎక్స్‌రేలో పెద్ద ముల్లున్నా హాయిగా నడిచేవాళ్లుంటారు, చిన్న ముల్లుతో మెట్లెక్కలేనివాళ్లూ ఉంటారు. దూర్బిన్‌తో లోపల గీకి కడిగే ఆపరేషన్‌ను ఉత్తుత్తి కోతతో పోల్చి చూసిన అమెరికా అధ్యయనం 2002లో వచ్చింది. రెండు బృందాలకూ ఉపశమనం ఒకేలా ఉంది. ముక్క విరిగి కీలులో ఇరుక్కుని మోకాలు తాళం పడినట్టు ఆగిపోతుంటే ఆ సంగతి వేరు, అప్పుడు తీయాల్సిందే.

రిపోర్టులో ‘గ్రేడ్ 2’, ‘గ్రేడ్ 3’ అని ఉంటే భయపడకండి. 1957 నాటి ఆ లెక్క చెప్పేది ఎముక రూపాన్ని, మీ నొప్పిని కాదు. ఈసారి ఎక్స్‌రే తీయాల్సివస్తే నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు, సందు ఎంత తగ్గిందో తెలియదు.

పనిలో మోకాలిని ఎక్కువ దెబ్బతీసేది గొంతుక్కూర్చుని కలుపు తీయడం. పొడుగు కర్ర దంతె ఆడే సాళ్లలో నిలబడే తీయండి. ఆడని చోట జానెడున్నర ఎత్తు పీట వేసుకోండి. పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా మోయకుండా ఐదారు కిలోలకే గట్టున కుమ్మరించండి. అర్ధగంటకోసారి పని మార్చండి. కూలి లెక్కలో ఇది కుదరదని తెలుసు, కుదిరినంతే చేయండి.

ప్రశ్న: వయసు 62, బరువు 84 కిలోలు. నడిస్తే ఇంకా అరుగుతుందని నడక మానేశాను. వ్యాయామాలు వారం చేసి చూస్తే నొప్పి పెరిగింది. ఏం చేయాలి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: నడక మానడమే తప్పు. మృదులాస్థికి తిండి అందేది కీలులోని జిగురు ద్రవం నుంచే, అదీ కదిలినప్పుడే. రెండోది, మోకాలి మీద పడే కుదుపును ముందు తీసుకునేది తొడ ముందరి కండరం. కూర్చుంటే అది కరుగుతుంది, కుదుపంతా కీలు మీద పడుతుంది. ఈ జబ్బుకు అసలు మందు ఆ కండరమేనని నా అభిప్రాయం. మిగతావన్నీ దానికి తోడు.

మొదటి రెండు వారాలు రెండే చేయండి. కాళ్లు చాపి కూర్చుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. తొడ బిగించి తువ్వాలును కిందికి నొక్కి ఐదు సెకన్లు ఆపండి. పది సార్లు, పొద్దున, సాయంత్రం. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తు లేపి ఐదు సెకన్లు ఆపి, మెల్లగా దించండి. ఇదీ పది సార్లు. చాలామంది చేసే తప్పులు మూడు: ఊపిరి బిగబట్టడం, దీనివల్ల బీపీ పెరుగుతుంది. కాలును విసిరినట్టు లేపడం, అలా చేస్తే కండరానికి పని పడదు. లేపేటప్పుడు మోకాలు కొద్దిగా వంచడం. వంగుతోందంటే ఇంకా బలం రాలేదు, తువ్వాలు దగ్గరే మరో వారం ఉండండి.

మూడో వారం నుంచి కుర్చీ. గోడకు ఆనించిన, చేతులున్న కుర్చీలో కూర్చుని, మూడు లెక్కపెడుతూ లేచి, మూడు లెక్కపెడుతూ కూర్చోండి. కష్టమైతే కుర్చీలో రెండు దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచండి, వారానికొకటి తీసేయండి. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలకూడదు. పాదం రెండో వేలు ఎటుందో మోకాలూ అటే ఉండాలి. ఎనిమిది సార్లతో మొదలై పన్నెండుకు, ఒక విడత నుంచి మూడు విడతలకు వెళ్లండి.

ఇక మీరు అడిగిన నొప్పి. చేస్తున్నప్పుడు పదికి నాలుగైదు వంతుల నొప్పి ఫర్వాలేదు. చేశాక రెండు గంటలకీ తగ్గకపోతే, లేదా మర్నాడు పొద్దున వాచితే ఎక్కువ చేశారని అర్థం. మానేయకండి, మర్నాడు సగం చేయండి. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. వారంలో తీర్పు చెప్పేశారు మీరు!

నడక ఒకే విడత అర్ధగంట కాకుండా పది నిమిషాల చొప్పున మూడుసార్లు. భద్రకాళి బండ్ లాంటి చదును దారి మంచిది. పద్మాక్షి గుట్ట మెట్లు ఇప్పుడే వద్దు.

బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీరు ముందు 80 చేరండి. రాత్రి అన్నం మానేసి మూడు జొన్నరొట్టెలు తింటే తగ్గేదేమీ ఉండదు. రొట్టె ఒకటిన్నర, కూర గిన్నెడు. సర్వపిండిలో పోసే నూనెనూ లెక్కలో పెట్టండి.

ప్రశ్న: మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ ఇచ్చే సూది వేయించుకుంటే నెలదాక బాగుంటది. ఒకాయన దగ్గర పొట్లం మందు తెచ్చుకున్న, రెండు రోజుల్ల నొప్పి మాయమైంది. ఇవి వాడొచ్చా? గుజ్జు ఇంజెక్షన్ మాటేంది?
– ఒక రైతు, పరకాల

జవాబు: పేరు లేని పొట్లం మందు రెండు రోజుల్లో నొప్పి మాయం చేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి మితిమీరడం, షుగర్ పెరగడం దాని గుర్తులు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానకండి. శరీరం సొంతంగా ఆ హార్మోను తయారుచేయడం తగ్గించి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పొట్లంతో సహా ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి క్రమంగా తగ్గించుకోండి. సూదిలో ఏ మందు వేస్తున్నారో చీటీ రాయించుకోండి.

మొదట వాడాల్సింది పూత మందు, డైక్లోఫెనాక్ జెల్. అది పనిచేయలేదనేవాళ్లు చాలామంది కందిగింజంత రాసేవాళ్లే. చూపుడు వేలి మొదటి గణుపు పొడుగున ట్యూబ్ నుంచి తీసిన గీత అరగ్రాము. మోకాలికి పూటకు నాలుగు నుంచి ఎనిమిది గీతలు, రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు వారాలు. దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, బిగుతుగా కట్టు కట్టకూడదు. పారాసిటమాల్ 650 గోళీ ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా వాడొచ్చు. కాలేయ జబ్బున్నా, రోజూ మందు తాగే అలవాటున్నా అడగకుండా వేసుకోవద్దు. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు నొప్పి ఎక్కువైన కొద్ది రోజులకే. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు ఉన్నప్పుడు కొన్ని వారాలు ఊరటనిస్తుంది. కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. ‘గుజ్జు ఇంజెక్షన్’ గుజ్జును తిరిగి పెంచదు. అది జిగురు ద్రవం లాంటి మందు, దాని లాభం చాలా స్వల్పం. ఆ డబ్బు మంచి చెప్పులకూ ఫిజియోథెరపిస్టుకూ పెట్టడం మేలు.

ప్రశ్న: ఇరవై ఏండ్ల నుంచి బీడీలు చేస్తున్న. వేళ్ల కొసల దగ్గర గట్టి బుడిపెలు లేచినయి, బొటనవేలి మొదట్లో నొప్పి. ఇది కీళ్లవాతమా?
– ఒక పాఠకురాలు, మెట్‌పల్లి

జవాబు: గోరు పక్క గణుపు దగ్గర గట్టిగా, రాయిలా ఉంటే అవి అరుగుదల వల్ల వచ్చిన ఎముక బుడిపెలే. కీళ్లవాతం మొదలయ్యేది ఎక్కువగా చేతి పిడికిలి గణుపుల దగ్గర. వాపు మెత్తగా ఉంటుంది, పొద్దున బిగుసుకుపోవడం గంటకు పైగా ఉంటుంది. మీకు అలా ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. అరుగుదలలో బిగుతు సాధారణంగా అర్ధగంట దాటదు.

బొటనవేలిని దెబ్బతీసేది ఆకు కత్తిరించడం. తునికాకు బాగా నానకపోతే కత్తెర మీద బలం రెండింతలు పడుతుంది. నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచిన ఆకే కత్తిరించండి. కత్తెరకు సాన పట్టించండి, పట్టుకునే చోట మందంగా గుడ్డ చుట్టండి. కత్తిరించడం, చుట్టడం గంటగంటకు మార్చుకోండి. ఒడిలో చాట పెట్టుకుని బాసింపట్టు వేయకుండా కుర్చీలో కూర్చుని చాటను చిన్న బల్ల మీద పెట్టుకుంటే మోకాళ్లు కూడా మిగులుతాయి. రాత్రిపూట బొటనవేలికి పట్టీ, పొద్దున పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లు.

ప్రశ్న: పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంది. ఎక్స్‌రేలో ముల్లుంది.
– ఒక టీచర్, కాజీపేట

జవాబు: నొప్పి ముల్లుది కాదు, మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే మందపాటి పట్టీది. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ ఆ ముల్లు కనబడుతుంది. మంచం దిగకముందే కాలును రెండో మోకాలి మీద వేసుకుని వేళ్లను ముంగాలి వైపు లాగి పది సెకన్లు పట్టుకోండి. పది సార్లు, రోజుకు మూడు విడతలు. గోడకు చేతులానించి వెనక కాలి మోకాలు వంచకుండా, మడమ లేవకుండా పిక్కను 30 సెకన్లు సాగదీయండి. ఇంట్లో షాబాద్ బండల మీద కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. ఎక్కువమందికి ఏడాదిలోపు తగ్గుతుంది. మడమలో సూది మీద సూది వద్దు, పట్టీ తెగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా అమ్మకు 68. బతుకమ్మ ఆడొచ్చా? కర్ర ఏ చేతిలో పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, హుస్నాబాద్

జవాబు: ఆడనివ్వండి. నడుం వంచి చప్పట్లు కొట్టడం కన్నా, కాలు నేలకు ఆనించే ఒళ్లు తిప్పడం మోకాలికి కష్టం. అమ్మను చిన్న చిన్న అడుగులతో తిరగమనండి, చదును నేల చూసుకోండి, రెండు పాటలకోసారి కుర్చీలో కూర్చోబెట్టండి. తొమ్మిది రోజుల్లో రెండు మూడు రోజులు చూస్తూ పాడితే చాలు.

కర్ర నొప్పి లేని వైపు చేతిలో. నొప్పి కాలితో పాటే కర్రా ముందుకు పడాలి. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి వేలాడదీస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తు. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. కింద కూర్చునే దొడ్డి అయితే దానిపై పెట్టే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, 45 సెంటీమీటర్ల ఎత్తు చాలామందికి సరిపోతుంది.

ప్రశ్న: మెడలో బొక్క పెరిగింది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి.
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఒక చేతికే తిమ్మిరి, నొప్పి అయితే చాలామందికి మందులు, వ్యాయామంతో తగ్గుతుంది. కానీ గుండీలు పెట్టుకోలేకపోవడం, వస్తువులు చేజారడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం, వీటిలో ఒక్కటున్నా వెన్నుపాము నొక్కుకుంటుందేమో చూడాలి. ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్‌కు చూపించి ఎంఆర్‌ఐ చేయించండి. మెడ విరిపించుకోవద్దు.

ప్రశ్న: మోకాలి చిప్ప మార్చాలంటున్నారు. ఎప్పుడు చేయించుకోవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మార్చేది చిప్పను కాదు, తొడ ఎముక, ముంగాలి ఎముకల అరిగిన కొసలను. మూడు నెలలు నిజంగా వ్యాయామం చేసి, మందులు వాడినా రాత్రి నొప్పికి నిద్ర లేకపోతే, వీధి చివరిదాకా నడవలేకపోతే అప్పుడు. ఎక్స్‌రే ఒక్కటే చూసి ఒప్పుకోకండి. విదేశీ రికార్డుల ప్రకారం వందలో 82 కృత్రిమ మోకాళ్లు 25 ఏండ్లు నిలిచాయి. అయితే ఐదుగురిలో ఒకరు దాకా ఫలితంతో తృప్తి పడరు. ఇది ముందే తెలిసి ఉండాలి. ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది, బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోండి. షుగర్ అదుపులో లేకుండా, పుచ్చు పన్ను బాగుచేయించకుండా టేబుల్ ఎక్కొద్దు, రెండూ చీముకు దారితీస్తాయి. గుండె జబ్బున్నవాళ్లు రెండు కాళ్లూ ఒకేసారి అంటే రెండో అభిప్రాయం తీసుకోవాలి.

సాధారణంగా ఆ రోజో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు. రెండు వారాలకు మోకాలు 90 డిగ్రీల దాకా వంగాలి, అంతకన్నా ముఖ్యంగా పూర్తిగా చాపుకోవాలి. చుట్టాలు ప్రేమతో మోకాలి కింద దిండు పెడతారు, పెట్టనివ్వకండి. అలాగే వంగి బిగుసుకుపోతే తర్వాత నిటారు చేయడం చాలా కష్టం. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టించుకోండి.