ఏరియేటర్ బుష్‌ల గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, అల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

రొయ్యల గుంట నీళ్లకు గాలి పట్టించే మన ఏరియేటర్‌వి నువ్వు పంపిన ఫోటోలు చూశాను. షాఫ్టు తిరిగే ఆ గొట్టపు ముక్కలు, అదే బుష్‌లన్నీ ఒకవైపు తినేసి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. ఈసారి బాగా గట్టివి, మళ్లీ మార్చే పని లేనివి చెప్పమన్నావు. గట్టిది వేస్తే ఏమవుతుందో ముందు చెబుతాను. బుష్ అరగదు, షాఫ్టు అరుగుతుంది. బుష్ ఖరీదెంత, స్టీలు షాఫ్టు ఖరీదెంత? అరిగేది బుష్షే కావాలి, కానీ నిదానంగా అరగాలి. ఈ లెక్క మనసులో పెట్టుకుని కొట్టుకు వెళ్లు.

మన ఏరియేటర్‌లో బుష్ ఎలాంటి చోట పనిచేస్తుందో చూడు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగినా, గేరుబాక్సు దాటి చక్రాల దగ్గరికి వచ్చేసరికి 100 చుట్లకు అటూ ఇటూ ఉంటుంది. 25 ఎంఎం షాఫ్టు మీద అది చాలా తక్కువ వేగం. పైగా నీళ్లు ఎప్పుడూ చిమ్ముతూనే ఉంటాయి కాబట్టి వేడి బాధ లేదు. అయితే రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే రోజుకు 1,44,000 చుట్లు. ఆ నీళ్లలో ఉప్పుంది, ఇసక ఉంది, బురద ఉంది. అంటే మనకు కావాల్సింది వేడికి తట్టుకునేది కాదు. ఉప్పుకు చెడకూడదు, నీళ్లకు ఉబ్బకూడదు, గ్రీజు లేకపోయినా తిరగాలి.

ఈ మూడూ పెట్టుకుని చూస్తే సగం సరుకు కొట్లోనే ఆగిపోతుంది. ఫ్యాన్లలో వేసే ఆయిల్ బుష్‌లు మనకు దండగ, లోపలి నూనె గుంట పాలవుతుంది. ఇత్తడి అసలు వద్దు. ఉప్పునీళ్లలో దాంట్లోని జింకు కరిగిపోయి గుల్లబారుతుంది. విరిచి చూస్తే లోపల పసుపు బదులు రాగి రంగు కనబడుతుంది. గన్ మెటల్, అంటే రాగిలో తగరం కలిపిన లోహం, ఉప్పుకు ఆగుతుంది కానీ దానికి గ్రీజు కావాలి. రొయ్యలున్న గుంటలో రోజూ గ్రీజు కొడతావా? పైగా గన్ మెటల్ అని చెప్పి ఇత్తడి అంటగట్టేవాళ్లూ ఉంటారు. టెఫ్లాన్ పేరు గొప్పదే, ధర కూడా గొప్పదే. బరువు పడితే మెల్లగా అణిగిపోతుంది, ఇసకకు తొందరగా పోతుంది.

ఇక నైలాన్. అందరూ వేసేది అదే, నీ ఫోటోల్లో ఉన్నదీ అదే అనిపిస్తోంది. పొడి చోట దాన్ని మించింది తక్కువ. నీళ్లలో మాత్రం తాగుతుంది. మామూలు నైలాన్-6 పూర్తిగా నానితే తన బరువులో 9 శాతం దాకా నీళ్లు పీల్చుకుంటుంది, కొలతలో 2 శాతం పైగా పెరుగుతుంది. రెండు శాతమే కదా అనుకోకు. బుష్ గోడ మందం 7.5 ఎంఎం అనుకో. రెండు వైపులా కలిపి లోపలికి 0.3 ఎంఎం వచ్చేస్తుంది, ఎందుకంటే బయటికి పెరగడానికి బుష్ కూర్చునే గూడు, అదే హౌసింగ్, ఒప్పుకోదు. మనం షాఫ్టుకు వదిలే సందే అంత. బిగించిన రోజు చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది, కొన్ని వారాలకు షాఫ్టును పట్టేస్తుంది. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. మనవాళ్లు మాత్రం వోల్టేజీని తిడతారు.

నా మాట వింటే యూహెచ్‌ఎండబ్ల్యూ అనే పాలిథిన్ రాడ్ తీసుకో. పేరు నోరు తిరక్కపోతే కాగితం మీద రాసుకుని చూపించు. నీళ్లు దాదాపు తాగదు, ఉప్పు ఏమీ చెయ్యదు, నీళ్లే దానికి కందెన. ఇసకకు కూడా నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. అది దొరక్కపోతే డెల్రిన్ అనే ఇంకో గట్టి ప్లాస్టిక్ వేసుకో. ఉబ్బడం చాలా తక్కువ, లేతు మీద కొలత బాగా నిలుస్తుంది. ఇసక ఎక్కువున్న గుంటలో మాత్రం కొంచెం తొందరగా అరుగుతుంది.

కొట్లో రంగు చూసి నమ్మొద్దు అబ్బయా. ఇవన్నీ తెల్లగానూ దొరుకుతాయి, నల్లగానూ దొరుకుతాయి. రాడ్ నుంచి గోరంత ముక్క కోయించి గ్లాసుడు మంచినీళ్లలో వెయ్యి. నైలాన్, డెల్రిన్, టెఫ్లాన్ మూడూ మునుగుతాయి. పాలిథిన్ జాతి తేలుతుంది. తేలిందని అప్పుడే డబ్బులు ఇచ్చేయకు, నీళ్ల డ్రమ్ములు చేసే హెచ్‌డీపీఈ కూడా తేలుతుంది, అది మనకు పనికిరాదు. ఆ ముక్కను పట్టకారుతో పట్టుకుని లైటర్ మంట చూపించు. హెచ్‌డీపీఈ అయితే కొవ్వొత్తిలా కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది. మనకు కావాల్సిందైతే గాజులా తేటబడి, సాగే ముద్దలా అక్కడే ఉంటుంది, కారదు. మునిగిన ముక్కను మాత్రం కాల్చి వాసన చూడొద్దు, డెల్రిన్ పొగ కళ్లూ ముక్కూ మండిస్తుంది.

సరుకు మంచిదైనా కొలత తప్పితే అంతా పోయినట్టే. లేతు దగ్గరికి పాత బుష్ ఒక్కటే తీసుకెళ్లి ‘ఇలాంటిదే చెయ్యి’ అంటే, అరిగిపోయిన కొలతకే చేసిస్తారు. షాఫ్టు, హౌసింగ్ రెండూ తీసుకెళ్లాలి. 25 ఎంఎం షాఫ్టుకు బొక్క 25.3 ఉండాలి. బుష్‌ను హౌసింగ్‌లోకి టైట్‌గా కొడితే ఎంత టైట్ చేశామో దాదాపు అంతా లోపలి బొక్క తగ్గుతుంది. అందుకని ముందు హౌసింగ్‌లో కొట్టి, ఆ తర్వాతే ఫైనల్ బోరింగ్ తీయించు. ఇంకో సంగతి, ఈ రాడ్ వేడికి ఇనుము కంటే పదింతలకు పైనే వ్యాకోచిస్తుంది. టూలు దిగుతున్న వేడి మీదే వెర్నియర్ పెట్టి సరిపోయింది అంటారు. 20 డిగ్రీలు చల్లారేసరికి 25 ఎంఎం బొక్క దాదాపు 0.1 తగ్గిపోతుంది. టీ తాగి వచ్చి కొలవమని చెప్పు. పదునైన టూలు పెట్టమని కూడా చెప్పు, మొద్దు టూలుకు పోగులు లేస్తాయి.

టైట్ మీద మాత్రమే ఆధారపడకు. ఈ పాలిథిన్ కాలం గడిచేకొద్దీ పట్టు సడలుతుంది, బుష్ హౌసింగ్‌లోనే తిరగడం మొదలవుతుంది. ఒక గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వేయించు, లేదా బుష్‌కు ఒకవైపు అంచు వదిలి రెండు బోల్టులు బిగించు. లోపల పొడుగునా మూడు నాలుగు నిలువు గాడులు కోయించు. పడవల ప్రొపెల్లర్ షాఫ్టు బుష్‌లో ఉండేవి అవే. నీళ్లు ఒక చివర నుంచి రెండో చివరకు పోతూ ఇసకను కడిగేస్తాయి. గాడులు లేకపోతే ఇసక రేణువు మెత్తటి బుష్‌లో కూరుకుపోయి షాఫ్టును ఆకురాయిలా గీస్తూ కూర్చుంటుంది. ఈ గాడుల దగ్గర లేతు వాళ్లు విసుక్కుంటారు, నువ్వు వదలొద్దు.

షాఫ్టు సంగతి. పాత బుష్ కూర్చున్న చోట గోరుతో అడ్డంగా గీకు. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. దాని మీద కొత్త బుష్ వేస్తే ఏ సరుకైనా నిలవదు. రెండు చివరలూ ఒకే రకంగా ఉంటే షాఫ్టును తిరగేసి చూడు, లేదా బుష్‌ను కొంచెం పక్కకు జరిపి పాడవని చోట కూర్చోబెట్టు. తుప్పు చుక్కలుంటే సన్న ఎమెరీ కాగితంతో నునుపు చెయ్యి. కొత్త షాఫ్టు కొనేటప్పుడు అయస్కాంతం అంటలేదు కాబట్టి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే అంటారు. అంతకంటే తక్కువ రకం 202 స్టీలుకూ అంటదు. బిల్లు మీద గ్రేడు రాయించుకో.

పాత బుష్‌లు అప్పుడే పారేయకు, వాటిని తిప్పి తిప్పి చూడు. కిందా, నీళ్లు తోసే దెబ్బ పడే ఒక పక్కా అరిగితే అది మామూలు అరుగుదల. రెండు చివరలూ గరాటులా విచ్చుకుంటే ఫ్రేము కుంగింది, లేదా షాఫ్టు వంగింది. అప్పుడు ముందు ఫ్రేము సంగతి చూడాలి. బయటి పక్క నున్నగా మెరుస్తుంటే బుష్ హౌసింగ్‌లో తిరిగిందని అర్థం. నీ మూడో ఫోటోలో నాకు ఆ మెరుపు కనిపించింది, వెలుతురులో పెట్టి ఇంకొకటి తీసి పంపు.

బిగించాక మెయిన్ స్విచ్ కట్టేసి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని, చక్రాలను చేత్తో తిప్పి చూడు. నీళ్లలో నిలబడి చేసే పని, ఎవరో స్విచ్ వేస్తారేమో అన్న టెన్షన్ మనకు అక్కర్లేదు. తర్వాత కరెంటు ఇచ్చి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ చూసి షెడ్డు గోడ మీద రాసి పెట్టు. 2 హెచ్‌పీ మోటారుకు ఫుల్ లోడ్ మీద సుమారు మూడున్నర ఉంటుంది, నేమ్ ప్లేట్ మీద చూసుకో. నెల తర్వాత మళ్లీ చూడు. వోల్టేజీ అంతే ఉండి ఆంపియర్లు పెరిగితే, మోటారు మెకానిక్కును పిలిచే ముందు బుష్ చూడు. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయే వేళకు ఏరియేటర్ ఆగితే జరిగే నష్టం నీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క ఏరియేటర్‌కు కాకుండా అన్నింటికీ సరిపడా రాడ్ ఒకేసారి కొనేయ్, రెండు జతలు అదనంగా చేయించి షెడ్డులో పెట్టు. ఎండ తగలని చోట పెట్టు. రొయ్యల పట్టుబడి తేదీ ఖాయం కాగానే నాకు ఫోన్ చెయ్యి, నెల్లూరు ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేతుకు చెప్పి ఉంచుతాను. షాఫ్టులు మాత్రం ఆటోలో పైన కట్టి తేకు, వంగుతాయి. ట్రాక్టర్ ట్రక్కులో పరిచి తీసుకురా.

ఇట్లు,
మామయ్య