ముందు బ్రేకు మార్చేముందు

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులతో రాసేది.

అరవై ఏళ్ల నాటి మోటారుసైకిలుకి ముందు డిస్కు బ్రేకు పెట్టిద్దామనుకుంటున్నానని, ఏది కొనమంటావని అడిగావు. కొనడం సంగతి తర్వాత. లివరు హ్యాండిలు దాకా నొక్కినా బండి ఆగట్లేదన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. చక్రం మధ్యలో గిన్నెలా ఉండే ఏడంగుళాల డ్రమ్ము బ్రేకు మరీ అంత చేతకానిదేం కాదురా. అది పట్టట్లేదంటే నీ వేళ్లకీ డ్రమ్ముకీ మధ్య ఎక్కడో బలం కారిపోతోంది. ఆ చిల్లేదో వెతక్కుండా కొత్త సామాను బిగించడం కారే కుండలో ఇంకో బిందెడు నీళ్లు పోసినట్టే.

మొదట కేబులు చూడు. ఎవరినైనా లివరు గట్టిగా పట్టుకోమని, నువ్వు చక్రం దగ్గర కూర్చో. కింద కేబులు లాగే చిన్న కడ్డీ, అదే క్యామ్ ఆర్మ్, ఆగిపోయాక కూడా పైన లివరు ఇంకా లోపలికి పోతోందంటే కేబులు తొడుగు నొక్కుకుపోతున్నట్టు. దానికి రిపేరు లేదు, మార్చడమే. లావు తీగ, గట్టి తొడుగు ఉన్నది తెచ్చి, వంపులు తక్కువుండేలా పరుచు. ఆర్మ్ కోణం కూడా గమనించు. షూలు, అంటే లోపలి నుంచి ఒత్తే రెండు నెలవంక ముక్కలు, డ్రమ్ముని తాకిన క్షణాన కేబులూ ఆర్మూ లంబకోణంలో ఉండాలి. అది దాటి వాలితే నీ చేతి బలంలో కొంత వృథా. కొందరు ఆర్మ్‌ని ఒక పన్ను వెనక్కి జరిపి బిగిస్తారు. షూల మీది రాపిడి పొర, అదే లైనింగు, అరిగిపోయి ఉంటే ఆ చిట్కా జోలికి పోకు. షూలని విడదీసే క్యామ్ మరీ అడ్డం తిరిగి నిలబడిపోతే షూలు వెనక్కి రావు, చక్రం అమాంతం పట్టేస్తుంది.

ఇక చక్రం విప్పు. లోపలి దుమ్ము నోటితో ఊదకు, గాలి గొట్టంతో అసలే కొట్టకు. ఆ రోజుల లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్. మేం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు హాయిగా ఊదేసేవాళ్లం, ఎవరూ చెప్పలేదు మరి.

తుడిచాక రెండు షూల మీదా సుద్దముక్కతో అడ్డగీతలు దట్టంగా గియ్యి. చక్రం మళ్లీ ఎక్కించి, చేత్తో తిప్పుతూ బ్రేకు మెల్లగా తాకించి, విప్పి చూడు. సుద్ద షూ పొడుగునా చెరిగితే సంతోషం. చాలాసార్లు మడమ దగ్గర ఒక ముక్కో, నడిమధ్య రెండు వేళ్ల వెడల్పో చెరుగుతుంది, మిగతా అంతా తెల్లగా అలాగే ఉంటుంది. అంటే నీ బ్రేకులో పనిచేసేది ఆ రెండు వేళ్లంతే. కొత్త షూలు కొని తెచ్చి నేరుగా బిగించినా ఇదే గతి, ఎందుకంటే వాటి వంపు నీ డ్రమ్ము వంపుతో కలవదు.

డ్రమ్ము కూడా గుండ్రంగానే ఉందని నమ్మకు. స్పోకులు బిగించినప్పుడు అవి హబ్బుని తలోవైపుకీ లాగుతాయి, డ్రమ్ము కోడిగుడ్డులా అవుతుంది. లివరు పట్టుకుంటే చేతికి కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. అందుకే లేతు మీద డ్రమ్ము కోయించాలంటే రిమ్ము, స్పోకులతో సహా చక్రం మొత్తం ఎక్కించాలి. ఉత్త హబ్బు కోయించి ఆ తర్వాత స్పోకులు అల్లితే డబ్బు దండగ. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చువేసి ఉంటే, అది దాటనివ్వకు. ఆ తర్వాత మందమైన, మెత్తరకం లైనింగు అతికించి, షూలని అవి కూర్చునే బ్రేకు ప్లేటుకే బిగించి, డ్రమ్ము కొలతకి వెంట్రుకవాసి తక్కువగా లేతు మీద కోయించు. లైనింగు ముందంచు కాస్త ఏటవాలుగా అరగదియ్యి, లేకపోతే ఒక్కసారిగా కరుచుకుంటుంది.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, లివరు గట్టిగా నొక్కిపట్టి, అప్పుడు బిగించు. షూలు తమంతట తాము డ్రమ్ము మధ్యకి వస్తాయి. పైసా ఖర్చులేని పని, పదిమందిలో తొమ్మిదిమంది చెయ్యరు.

ఇంత చేశాక కూడా చాలకపోతే రెండు లీడింగు షూల ప్లేటుకి వెళ్లు. నీ బండిలో ఒక షూనే డ్రమ్ము తిరుగుడు తనకేసి గుంజుకుంటుంది, రెండోదాన్ని వెనక్కి నెట్టేస్తుంది. ఆ ప్లేటులో రెండు షూలనీ గుంజుకుంటుంది. రెండు క్యాములనీ కలిపే కడ్డీని సర్దడంలోనే ఉంది దాని కిటుకంతా. రెండు షూలూ ఒకే క్షణంలో తాకాలి, లేకపోతే ఒకటి పనిచేస్తుంటే రెండోది చూస్తూ కూర్చుంటుంది. ఒక లోపం మాత్రం ఉంది. నేను కొత్తగా బిగించుకుని మీ పెద్దమ్మని వెనక ఎక్కించుకుని గట్టెక్కుతూ మధ్యలో ఆగాను. ముందు బ్రేకు పట్టుకునే ఉన్నా, బండి నింపాదిగా వెనక్కి జారింది. చక్రం వెనక్కి తిరిగితే రెండు షూలూ వెనక్కి నెట్టే షూలే మరి. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ప్లేటుని ఫోర్కుకి పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ బోల్టు కొత్తది వెయ్యి, లాక్ చెయ్యి. బ్రేకు ఎంత గట్టిదైతే దాని మీద అంత భారం. అది ఊడితే ప్లేటు చక్రంతోపాటు తిరిగి కేబులుని చుట్టేసుకుంటుంది.

డిస్కు వద్దని కాదు. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, డిస్కుకి ఆ బాధ లేదు. పొడవైన దిగుడు దార్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 1969లో హోండా సీబీ750 ముందు డిస్కుతో వచ్చాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. కానీ నీ సన్నటి ఫోర్కు ఒకవైపు నుంచి వచ్చే ఆ పట్టుకి మెలితిరుగుతుంది. అల్యూమినియం ఫోర్కు కాలికి క్యాలిపర్ (డిస్కుని రెండువైపులా నొక్కే భాగం) బ్రాకెట్ వెల్డింగ్ చేయించాలనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. పెట్టాలంటే ఫోర్కు, చక్రం, క్యాలిపర్, లివరు దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే బండివి తెచ్చుకో. ఫోర్కు పొడవు మారితే స్టీరింగు నడకే మారుతుంది, అది కొలుచుకో. రెండు క్యాలిపర్ల కోసం చేసిన 16 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ ఒక్క క్యాలిపర్‌కి పెడితే లివరు కర్రలా ఉంటుంది. 13 పెడితే అదే చేతి బలానికి పట్టు ఒకటిన్నర రెట్లు, లివరు ప్రయాణమూ అంతే పెరుగుతుంది. రబ్బరు గొట్టం బదులు స్టీలు అల్లిక గొట్టం వెయ్యి. డాట్ 4 బ్రేకు ఆయిల్ పెట్రోలు ట్యాంకు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, నా ట్యాంకు సాక్షి.

ఏది చేసినా పాత ప్లేటు, షూలు చుట్టి దాచు, లైనింగుకి మాత్రం గ్రీజు తగలనివ్వకు. కొత్త లైనింగుని మొదటి వంద కిలోమీటర్లు మెల్లగా, ఆగి ఆగి నొక్కుతూ డ్రమ్ముకి అలవాటు చెయ్యి, మధ్యలో చల్లారనీ.

ముందుగా ఆ సుద్ద పరీక్ష చేసి, షూలు రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపు. ఎక్కడ చెరిగిందో చూశాక డిస్కు మాట మాట్లాడుకుందాం.

పెదనాన్న