ఐడీల జాబితాతో ఏరేటప్పుడు

తమ్ముడూ,

ఆర్డర్ల జాబితాలోంచి అడిగిన ఐడీలవి మాత్రమే ఏరే జావా కోడ్ రాస్తున్నావు కదా. స్ట్రీమ్ తెరిచి (ఆర్డర్లను ఒక్కొక్కటిగా పంపే జావా సౌకర్యం), ఫిల్టర్‌లో ఐడీల లిస్ట్ మీద కంటైన్స్ (ఇది ఉందా అని అడిగే మెథడ్) పిలిస్తే పది ఐడీలకు సరిపోతుంది. ఆర్డర్లు 50,000, ఐడీలు 2,000 అయితే సరిపోదు. లిస్ట్‌లో కంటైన్స్ అంటే మొదటి నుంచి ఒక్కొక్కటీ పోల్చుకుంటూ పోవడమే. ఐడీ దొరకని ప్రతి ఆర్డరుకూ 2,000 పోలికలు, మొత్తం 10 కోట్ల దాకా. అందుకని ముందే ఐడీలను హ్యాష్‌సెట్‌లో (విలువను బట్టి నేరుగా చోటు పట్టుకునే సెట్) వేసుకో, వెతకడం సగటున ఒక్క అడుగులో తేలుతుంది. ఆ సెట్‌ను లాంబ్డా (ఫిల్టర్‌కు ఇచ్చే చిన్న ఫంక్షన్) బయటే కట్టు. లోపల కడితే ఆర్డరుకో కొత్త సెట్ పుట్టి, లిస్ట్ కన్నా నెమ్మదిస్తుంది.

ఇంతకన్నా మోసం చేసేది టైపు. సెట్‌లో లాంగ్‌లు (పెద్ద పూర్ణాంకాల టైపు) ఉండి, ఆర్డరు ఐడీ ఇంట్ (చిన్న పూర్ణాంకాల టైపు, సెట్‌కు ఇచ్చేటప్పుడు ఇంటీజర్ అవుతుంది) అయితే కంటైన్స్ ఎప్పుడూ ఫాల్స్ అనే అంటుంది. ఆ మెథడ్ ఏ ఆబ్జెక్ట్‌నైనా తీసుకుంటుంది కాబట్టి కంపైలర్ నోరెత్తదు. రెండూ ఒకటేనా అని పోల్చే ఈక్వల్స్ లెక్కలో ఇంటీజర్ 5 వేరు, లాంగ్ 5 వేరు. ఎర్రర్ రాదు, ఖాళీ జాబితా వస్తుంది! అలా వస్తే డేటాను అనుమానించే ముందు రెండువైపులా టైపు చూడు. స్ట్రింగ్ ఐడీలైతే రెండువైపులా ట్రిమ్ చెయ్యి (అంచుల్లోని ఖాళీలు తీసెయ్యి).

ఫిల్టర్ ఆర్డర్ల వరుసనే నిలుపుతుంది. ఐడీలు ఇచ్చిన వరుసలోనే కావాలంటే ఐడీ కీగా, ఆర్డరు విలువగా హ్యాష్‌మ్యాప్ కట్టి, ఐడీల మీద లూప్ తిప్పి ఒక్కో ఆర్డరూ తీసుకో. మ్యాప్‌లో దొరక్క నల్ (విలువ లేదు అని) వచ్చిన ఐడీలను విడిగా రాసిపెట్టు. 20 అడిగితే 18 ఎందుకు వచ్చాయో అడిగినవాళ్లకు తెలియాలి. మ్యాప్‌ను కలెక్టర్స్ టు మ్యాప్‌తో కడుతుంటే ఒకే ఐడీ రెండుసార్లు వచ్చినప్పుడు ఎక్సెప్షన్ పడుతుంది. ఏది ఉంచాలో మూడో ఆర్గ్యుమెంట్‌లో చెప్పు.

ఆర్డర్లు డేటాబేస్‌లోనే ఉంటే టేబులంతా లాగొద్దు, ఎస్‌క్యూఎల్ ఇన్ షరతుతో (ఈ జాబితాలో ఉన్నవే అని) అక్కడే ఏరు. ఐడీల జాబితా ఖాళీ అయితే క్వెరీ పంపకుండా ఖాళీ జాబితా తిరిగివ్వు. పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ ఇన్ సింటాక్స్ ఎర్రర్. దాన్ని తప్పించుకోవడానికి షరతునే తీసేస్తే టేబుల్ మొత్తం వచ్చిపడుతుంది, అదే డిలీట్ అయితే మొత్తం పోతుంది. ఒరాకిల్ పాత వెర్షన్లు ఒక ఇన్‌లో 1,000కి మించి ఒప్పుకోవు, 500 చొప్పున ముక్కలు చేసి పంపు. ఆ ఐడీల్లో లేని ఆర్డర్లు కావాలని సబ్‌క్వెరీతో (క్వెరీ లోపలి క్వెరీ) నాట్ ఇన్ రాస్తే, అందులో ఒక్క నల్ ఉన్నా ఒక్క రో కూడా రాదు. అక్కడ నాట్ ఎగ్జిస్ట్స్ వాడు.