సూపర్‌నేచురల్ 5వ సీజన్ ఫినాలే చూసి ఏడుపు ఆగట్లేదు, ఇక్కడితో ఆపేయాలా?

దయ్యాలని వేటాడే అన్నదమ్ములు డీన్, సామ్‌ల అమెరికా సీరియల్ కదా ఇది. మీరేమో రాత్రి 5వ సీజన్ ఆఖరి ఎపిసోడ్ స్వాన్ సాంగ్ చూశాను, పొద్దున ఆఫీసుకి వాచిన కళ్ళతోనే వెళ్ళాను, ఆఖర్లో డీన్ పోతాడని రీల్స్‌లో ఎలాగూ తెలిసిపోయింది, అలాంటప్పుడు మిగతా పది సీజన్లు చూడటం దేనికి అని అడిగారు కదా. ముందు సమాధానం చెప్పేస్తా. ఆపకండి, కానీ ఒక పది రోజులు గ్యాప్ ఇవ్వండి. రేపే 6వ సీజన్ మొదలెడితే మాత్రం మీకు చిరాకొస్తది, ఎందుకంటే ఈ షో సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ ఈ కథని ఐదు సీజన్లకే అనుకున్నాడు, 5 అయ్యాక షో నడిపే బాధ్యత వదిలేశాడు, ఆ తేడా 6లో మొదటి ఎపిసోడ్లకే తెలిసిపోద్ది. మధ్యలో ఫ్రెంచ్ మిస్టేక్ అని ఒకటుంటది, అన్నదమ్ములిద్దరూ మన లోకంలోకొచ్చి పడతారు, ఇక్కడందరూ వాళ్ళని జారెడ్, జెన్సెన్ అనే యాక్టర్లనుకుంటారు, దాని దాకా ఓపిక పట్టండి చాలు.

ఇక ఏడుపు సంగతి. మీరొక్కరే కాదండీ, ఆ ఎపిసోడ్ 2010 మే 13న వచ్చింది, ఇప్పటికీ చాలామంది ఫ్యాన్స్‌కి అసలు ముగింపంటే అదే.

మేం చూసింది 2013 ఎండాకాలంలో. నేను గుంటూరు దగ్గర బీటెక్, హాస్టల్లో హార్డ్ డిస్కులు చేతులు మారుతుండేవి, అలా ఐదు సీజన్లు బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి చేరినయ్. మా తమ్ముడు ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. నేను పెద్దదాన్ని కాబట్టి డీన్ పార్టీ, వాడు సామ్ పార్టీ, ఇంట్లో గొడవలన్నీ అలాగే జరిగేవి, "నువ్వు డీన్ లాగా పెత్తనం చెయ్యకు" అనేవాడు. ఆ ఏడు కరెంటు కోతలు గుర్తుండే ఉంటాయి, బెజవాడ ఎండలో ఫ్యాన్ లేకుండా చెమటలు కారుతుంటే హాల్లో నేల మీద పడుకుని లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపొస్తే అంతసేపు చూసేవాళ్ళం. స్టల్ శ్మశానం సీన్ వచ్చింది, సైతాను లూసిఫర్ సామ్ ఒంట్లో ఉండి డీన్‌ని పిచ్చికొట్టుడు కొడుతున్నాడు, డీన్ ఎదురు తిరగట్లేదు, సరిగ్గా అక్కడ బ్యాటరీ అయిపోయింది. కరెంటు లేదు. గంటన్నర అలా నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం అంటే నమ్ముతారా, అమ్మ వచ్చి ఎవరన్నా పోయారా ఏంటే అని అడిగింది.

కరెంటొచ్చాక మిగతాది చూశాం. మీకు గుర్తుండే ఉంటది, ప్రపంచాన్ని కాపాడింది దేవదూతా కాదు, మంత్రమూ కాదు, సామ్ చిన్నప్పుడు ఇంపాలా కారు యాష్‌ట్రేలో ఇరికించిన ప్లాస్టిక్ సైనికుడి బొమ్మ. అది కళ్ళబడి చిన్నప్పటివన్నీ గుర్తొచ్చి ఒక్క నిమిషం తన ఒళ్ళు తన చేతిలోకి తెచ్చుకుని లూసిఫర్‌ని బంధించే గోతిలోకి దూకేస్తాడు. ఎపిసోడ్‌లో ముందే చెప్తారు ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉందని, డీన్ చిన్నప్పుడు కారులో గాలొచ్చే సందుల్లో కుక్కిన లెగో ముక్కలు హీటర్ వేస్తే ఇప్పటికీ గలగలమంటాయని. మనం దాన్ని ఏదో కబుర్లే అని వినేసి వదిలేస్తాం, కాసేపటి తర్వాత అదే వచ్చి గుండెల మీద కూర్చుంటది. చావులు చూపించి ఏడిపించడం ఏ సీరియల్‌కైనా వచ్చు, ఇలా యాష్‌ట్రే చూపించి ఏడిపించడం చేతకాదు, నా దృష్టిలో ఫ్యాన్స్ అంతలా పడిపోయింది అందుకే.

మా తమ్ముడు ఏడవలేదు. లేచి మెట్ల కింద నాన్న బజాజ్ చేతక్ దగ్గరికెళ్ళి హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. దాని ముందు డిక్కీ వెనక సందులో వాడు రెండో క్లాసులో వేసిన గోలీ ఒకటుంది, మెకానిక్ కూడా తియ్యలేకపోయాడు, గతుకు వస్తే చాలు లొడలొడమనేది, నాన్నకి ఒళ్ళు మండేది. ఊపాడు, మోగింది, లోపలికొచ్చి పడుకున్నాడు. నేనప్పుడు ఏడ్చాను.

సరే, అసలు ఆఖరి ఎపిసోడ్ దగ్గరికొద్దాం. మీకు తెలిసిపోయింది కాబట్టి దాచట్లేదు. 2020 మార్చిలో రెండు ఎపిసోడ్లు మిగిలుండగా కరోనా వల్ల షూటింగ్ ఆగింది, ఆగస్టులో మళ్ళీ మొదలెట్టి సెప్టెంబర్ 10కి పూర్తి చేశారు. నవంబర్ 5న, అక్కడ ఎలక్షన్ ఓట్లు లెక్కబెడుతున్న వారంలోనే, వీళ్ళ స్నేహితుడైన దేవదూత కాస్టియల్ డీన్‌కి మనసులో మాట చెప్పేసి వెంటనే పోతాడు. నా హాస్టల్ రూమ్మేట్ ఒకతి కాస్టియల్ అంటే పడి చచ్చేది, ఆ పొద్దున నాకు వాట్సాప్‌లో నలభై వాయిస్ మెసేజులు పెట్టింది, సగం ఏడుపు సగం బూతులు. తర్వాత ఫినాలేలో అతను కనిపించనే కనిపించడు, పేరు చెప్పి వదిలేస్తారు. దేవుణ్ణే ఓడించిన డీన్ ఏమో ఒక పాడు కొట్టంలో వాంపైర్లతో కొట్లాటలో వీపులో ఇనప చువ్వ గుచ్చుకుని పోతాడు. మా రూమ్మేట్ ఇప్పటికీ ఆ ఎపిసోడ్ లేదు అనే బతుకుతోంది. దాని కోపం న్యాయమైందే అంటాను నేను, పదిహేనేళ్ళలో 327 ఎపిసోడ్లు చూసినవాళ్ళకి ఆ మాత్రం అడిగే హక్కుంది. అసలే మనం క్లైమాక్స్‌లో హీరో పోతే గాంధీనగర్ థియేటర్ బయటకొచ్చి టికెట్ డబ్బులు దండగ అనుకునే ఊరోళ్ళం. సామ్‌కి ఆఖర్లో ముసలాడయ్యాక పెట్టిన విగ్గు గురించి మాత్రం నన్ను అడక్కండి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వొచ్చింది.

మనకి ఆ ఫినాలే నవంబర్ 20 పొద్దున. అదే రోజు తుంగభద్ర పుష్కరాలు మొదలు, హాల్లో అమ్మ టీవీలో కర్నూలు ఘాట్ చూస్తోంది, నేను లోపల వర్క్ ఫ్రం హోం లాగిన్ పెట్టేసి ఫోన్లో ఇది చూస్తున్నా, ఎలా దొరికిందని అడగొద్దు. అప్పటికి తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు, ఎంఎస్‌కి వెళ్ళి ఉద్యోగంలో చేరాడు, ఆ ఏడు రావాల్సినోడు కరోనాతో ఆగిపోయాడు. వాడు నాకన్నా ముందు చూసేశాడు, ఒక్క ముక్క చెప్పకుండా "అక్కా, చూశాక ఫోన్ చెయ్" అని మెసేజ్ పెట్టాడు, నాకు అప్పుడే అర్థమైపోయింది డీన్ గ్యారంటీగా పోతాడని.

అయిపోయాక ముక్కు తుడుచుకుంటూ హాల్లోకొస్తే అమ్మ కథ ఏంటో చెప్పమంది. చెప్పాను. అన్న పోతాడు, తమ్ముడు పెళ్ళి చేసుకుని కొడుక్కి అన్న పేరు పెట్టుకుని ముసలాడై పోతాడు, పైన ఇద్దరూ కలుస్తారు. అమ్మ ప్రవచనాలు బాగా వింటది లెండి, కాసేపు ఆలోచించి, "లక్ష్మణుడు సరయులో దిగాక రాముడే ఎన్నాళ్ళో ఉండలేదు, మీ వాడేంటి అన్న పోయాక అన్నేళ్ళున్నాడు" అంది. ఇంటర్నెట్లో వేలమంది కొట్టుకున్న పాయింట్ అదే, మా అమ్మ ఒక్క ఎపిసోడ్ చూడకుండా తేల్చేసింది. నాకైతే సామ్ అలా బతకడమే కరెక్ట్ అనిపిస్తది, స్వాన్ సాంగ్ చివర్లో డీన్ తన పాత ప్రేయసి లీసా ఇంటికెళ్ళి బతకడానికి ట్రై చేశాడు గుర్తుందా, తమ్ముడికి మాటిచ్చాడని, ఇక్కడ అదే తిరగేసి తమ్ముడి వంతు వచ్చింది. ఈ ఒక్క దానికోసమైనా మీరు మధ్యలో ఆపకూడదంటున్నా.

తర్వాత మా తమ్ముడికి వీడియో కాల్ చేశాను, వాడికి అర్ధరాత్రి దాటింది, మేలుకునే ఉన్నాడు. ఇద్దరం డీన్ మాటే ఎత్తలేదు. ఆఫీసు గురించి, అక్కడి చలి గురించి ఏదో మాట్లాడి మాట్లాడి, చేతక్ అమ్మేశారా అని అడిగాడు. లేదురా, నాన్న ఎవరు అడిగినా ఇవ్వట్లేదు అన్నాను. ఫోన్ పట్టుకునే మెట్ల కిందకెళ్ళాను, దుమ్ము పట్టిపోయుంది, ఒక టైర్లో గాలి కూడా లేదు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఊపాను. వినపడిందా అంటే కాసేపు మాట్లాడలేదు.

"ఇంకోసారి ఊపక్కా" అన్నాడు.