సెల్ఫ్ తీసుకోని కారు: మేనల్లుడికి ఒక లేఖ

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

చిత్తూరులో నీ కారు పొద్దున్నే మొరాయిస్తోందని, తాళంచెవి మార్చాలని ఎవరో అన్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. డబ్బు తీయకముందు ఒక్క విషయం తేల్చుకో నాయనా. తాళంచెవి తిప్పితే సెల్ఫ్ తీసుకుంటోందా, లేదా?

తీసుకోకపోతే ముందు బ్యాటరీని అనుమానించు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు. లైట్లు మసకబారి, టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా వైర్లు బిగించే టెర్మినళ్లు వదులై ఉంటాయి. వాటి మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే మైనస్ వైరు ముందు విప్పి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగించు. రాత్రంతా ఆగిన బండిలో వోల్టులు కొలిచే మల్టీమీటర్ 12.6 వోల్టుల దాకా చూపాలి. 12 చూపిందంటే చార్జి అడుగంటినట్టే. మన ఎండలకు బ్యాటరీలు తొందరగానే ముసలివవుతాయి. లైట్లు తగ్గకుండా ‘టక్’మని ఒక్క చప్పుడే వస్తే ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు వైపు చూడమని మెకానిక్‌తో చెప్పు.

సెల్ఫ్ బాగానే తిరిగి ఇంజన్ అందుకోకపోయినా, అందుకుని వెంటనే ఆగిపోయినా డాష్‌బోర్డు చూడు. తాళంచెవి బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటోందా? అదే ఇమ్మొబిలైజర్, సరైన తాళంచెవి కాకపోతే ఇంజన్‌ను అందుకోనివ్వని ఏర్పాటు. కొన్ని బండ్లలో అది సెల్ఫ్‌ను కూడా రానివ్వదు. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న కాయిల్ (తీగచుట్ట) దాన్ని చదువుతుంది. ఆ చిప్‌కు బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి రిమోట్ సెల్లు మార్చి లాభం లేదు. తాళాల గుత్తిలో వేరే బండి చిప్ తాళంచెవి ఉంటే తీసి చూడు, ఒక్కోసారి అదే అడ్డుపడుతుంది. తర్వాత రెండో తాళంచెవి పెట్టు. దానితో స్టార్ట్ అయితే తప్పు మొదటిదానిది. రెండింటితోనూ కాకపోతే కొత్తది కొనకు, కాయిల్, వైరు, ఫ్యూజు చూపించు. రోడ్డు పక్కన కోయించిన చిప్ లేని ఉత్త నకలు తలుపు తెరుస్తుంది, తాళంలో తిరుగుతుంది, అంతవరకే.

తాళంచెవి అసలు తిరగకపోతే అది స్టీరింగ్ లాక్ కావచ్చు. స్టీరింగును అటూ ఇటూ కాస్త కదుపుతూ మెల్లగా తిప్పు. బలం చూపితే లోపలే విరుగుతుంది. బిగుసుకున్న తాళంలో కొబ్బరినూనె పోసే వాళ్లున్నారు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గ్రాఫైట్ పొడి వెయ్యి.

తిరుమల కొండకు వెళ్లినప్పుడు ఇలా జరిగితే, పల్లం ఉంది కదా అని దిగే ఘాట్‌లోకి బండిని వదలాలనుకోకు. 1944లో వేసిన ఆ దారి నిండా మలుపులే. ఇంజన్ ఆగి ఉంటే రెండు మూడు తొక్కుళ్లకే బ్రేకు పెడలు గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. తాళంచెవి తీశావా, స్టీరింగ్ లాక్ పడవచ్చు. అక్కడే ఆపి, రాయి అడ్డం పెట్టి, సాయం పిలువు.

రేపు పొద్దున్న హెడ్‌లైట్లు వేసి చూసి, మసకబారాయో లేదో ఫోను చెయ్యి. అంతవరకు తాళంచెవికి బయానా ఇవ్వకు.

నీ మామయ్య